చక్రవర్తి ఉంగరం, కువైట్ హాలు కార్డు

యుగయుగాలకూ రాజైన దేవునికి స్తోత్రం. ఆయన సింహాసనం ఎన్నడూ ఖాళీ కాదు, ఆయన తర్వాత ఎవరని అడిగే అవసరం పరలోకంలో ఎవరికీ రాదు. ఆయన కుమారుడు తండ్రి చేతిలోంచి ఏదీ లాక్కోలేదు. తనకున్నదంతా విడిచిపెట్టి, పనివాడి రూపంలో మన మధ్యకు వచ్చాడు. ముప్పై మూడేళ్ళు రాజోలు దగ్గర హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరై, అరవై రెండో ఏట మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్న నన్ను ఆయన సముద్రం దాటించాడు. అక్కడ తన పనిని కళ్ళారా చూపించి, క్షేమంగా మా ఇంటి గుమ్మంలో దించాడు. ముందు ఆయనను స్తుతించి, ఆ తర్వాతే ఈ ప్రయాణం సంగతి మొదలుపెడుతున్నాను.

మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉన్నారు. అయినా అక్కడ ఎలా ఉంటుందని అడిగితే, "వంటగది మన ఇల్లంత ఉంటుందండి" అంటారు. అంతకు మించి చెప్పరు. అందుకని వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

విసనకర్ర తెచ్చుకున్నాను

జనవరిలో వెళ్ళాను. గల్ఫ్ అంటే మనకు తెలిసింది ఎండ ఒక్కటే. పెట్టెలో నాలుగు నూలు చీరలు, గోంగూర పచ్చడి సీసా, తాటాకు విసనకర్ర పెట్టుకున్నాను. స్వెట్టరు పెట్టుకోలేదు. విమానాశ్రయం తలుపులు తెరుచుకోగానే కొట్టిన గాలికి నా పళ్ళు టకటకలాడాయి.

ఎదురొచ్చిన సునీత నా పెట్టెలోంచి తొంగిచూస్తున్న విసనకర్రను చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "వందనాలు టీచరుగారూ! ఇదేంటండీ, కుంపటి రాజెయ్యడానికా?" అంది. సునీత అక్కడ నర్సు. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివింది. ఇప్పుడు నాకంటే ఎత్తు, నాకంటే గట్టి గొంతు.

నన్ను పిలిచింది వాళ్ళ నాన్న ప్రకాశం గారు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట డ్రైవరుగా వెళ్ళి, నలుగురిని ఒక గదిలో కూర్చోబెట్టి ప్రార్థన మొదలుపెట్టిన మనిషి. ఆ నలుగురే ఇప్పుడు ఒక హాలు నిండే సంఘమయ్యారు. వానాకాలంలో ఆయన ఫోన్ చేసి, "చెల్లెమ్మా, మావాళ్ళకు క్రైస్తవ సంఘ చరిత్ర ఒక్క రోజు చెప్పి వెళ్ళు" అన్నారు. నేను అప్పుడే కూర్చుని పాఠం నోటుబుక్కులో రాసుకున్నాను. నవంబరులో ఆయనకు పక్షవాతం వచ్చింది. నేను వెళ్ళేసరికి సునీత ఫ్లాటులో చక్రాల కుర్చీలో ఉన్నారు. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతోంది. మాట పోయింది. ఏమడిగినా నవ్వుతారు. కాఫీ కావాలా అన్నా అదే నవ్వు, నొప్పిగా ఉందా అన్నా అదే నవ్వు.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పాలి. మనకు ఊరికి రెండు మందిరాలుంటాయి. అక్కడ అలా కాదు. ఒకే ఆవరణలోని హాళ్ళను రకరకాల భాషల సంఘాలు గంటల చొప్పున పంచుకుంటాయి. తెలుగువారికి శుక్రవారం పదకొండు నుంచి ఒంటిగంట. ముందు తమిళులు, వెనక ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఆ రెండు గంటలు ఒక మనిషి పేరు మీద ఉంటాయి. ఆ పేరు ఒక నీలం కార్డు మీద ఉంటుంది. గేటు దగ్గర కార్డు చూపిస్తేనే హాలు తాళం ఇస్తారు. ఆ కార్డు ప్రకాశం గారిది. ఆయన ఇఖామా అయిపోయింది, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం గడువు తీరింది. నెలాఖరుకు ఇండియాకు వచ్చెయ్యాలి. కొత్త పేరు రాసి, ఏడుగురు పెద్దలు సంతకం చేసిన కాగితం ఆదివారంలోగా ఆవరణ ఆఫీసులో ఇవ్వాలి. లేదంటే ఆ రెండు గంటలూ వరసలో నిలబడ్డ ఇంకో సంఘానికి పోతాయి. మళ్ళీ మనవాళ్ళ వంతు ఎప్పటికొస్తుందో ఎవరూ చెప్పలేరు.

కాగితం మీద కొడుకు అనిల్ పేరుంది. అయిదు సంతకాలున్నాయి. లేనివి రెండు: అక్క సునీతది, ఆమె భర్త విక్టర్‌ది. విక్టర్ వాక్యం బాగా చెబుతాడు, కీబోర్డు వాయిస్తాడు. అనిల్‌కు నాలుగు ముక్కలు వరసగా మాట్లాడటం రాదు. కాని కుర్చీలు వేసేది, బస్సు మాట్లాడేది, కఫీల్‌తో, అంటే పనిలో పెట్టుకున్న యజమానితో, గొడవపడి వీధిన పడ్డవాళ్ళకు కాగితాలు నడిపేది అతనే. తల్లి రత్నమ్మ వదిన అల్లుడి వైపు.

"నాన్నగారినే అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగాం టీచరుగారూ. తమ్ముడా అంటే నవ్వారు. విక్టరా అంటే నవ్వారు" అంది సునీత. "కార్డు మాత్రం వాడి దగ్గరుంది లెండి."

ఎలా వెళ్ళిందని అడిగితే టీ చల్లారిపోతోంది తాగమంది.

అమ్ఘరాలో అరిగిన తలుపులు

మర్నాడు అనిల్ ఫోన్ చేశాడు. పైకి రాలేదు. వీధిలో బండి ఆపుకుని నన్నే దిగిరమ్మన్నాడు. నా చీర చూడగానే తన పని కోటు విప్పి నా భుజాల మీద కప్పాడు. ఇనుము, నూనె కలిసిన వాసన. మోకాళ్ళ దాకా వచ్చింది. తిరిగొచ్చేదాకా ఆ కోటే నా దిక్కు.

అతను పనిచేసేది అమ్ఘరాలో. అది పాత సామాను దేశం. కొబ్బరి మట్టలు పేర్చినట్టు కారు తలుపులు పేర్చి ఉన్నాయి. ఏసీల డొక్కులు ఒక గుట్ట, బాత్రూం తొట్లు ఒక గుట్ట. ఒక అరబ్బు పెద్దమనిషి తెల్లటి బట్టల్లో, మసి అంటకుండా, తుప్పు గేటు ఒకటి బేరమాడుతున్నాడు. మన సంతలో దూడను చూసినట్టు చుట్టూ తిరిగి తట్టి చూస్తున్నాడు.

రేకుల కొట్టు దగ్గర పాలు బాగా కాగిన ఏలకుల టీ ఇప్పించాడు. వంద ఫిల్స్. మన డబ్బులో ముప్పై రూపాయల దాకా. మా రాజోలు సెంటర్లో ఆ డబ్బుకు ముగ్గురు తాగి, ఒకరు బిస్కెట్టు కూడా తినొచ్చు. కాని గ్లాసు పెద్దది, చిక్కదనం ఉంది, నేను ఫిర్యాదు చెయ్యను.

"మన హాల్లో వేదిక చూస్తారుగా టీచరుగారూ, అది ఇక్కడి తలుపులే. చిత్రిక పట్టి నేనే చేశాను" అన్నాడు. గ్లాసులోకి చూస్తూ, "నాన్న అన్నం తింటున్నారాండీ?" అని అడిగాడు.

"కింద వీధిదాకా వచ్చావు కదా. పైకొచ్చి చూడలేకపోయావా?"

"అమ్మ తలుపు తియ్యదండి." అంతే. గ్లాసు పక్కన పెట్టి, "యల్లా, పోదామండి" అని లేచాడు.

నేను బండిలో కూర్చుని, ఈ రెండిళ్ళ మధ్య ఏముందో నువ్వే బయటపెట్టు ప్రభువా అని ప్రార్థించాను. ఆయన నా నోటితోనే బయటపెడతాడని నాకప్పుడు తెలియదు.

మిష్రిఫ్, వెనక గేటు

గురువారం మిష్రిఫ్‌లో సంతోషమ్మను చూడటానికి వెళ్ళాను. మలికిపురం వైపు మనిషి. ఒకే ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా వంట. మిష్రిఫ్ అంతా కువైటీల మేడలు. ముందు గేట్లకు బంగారు రంగు, వెనక గేట్ల దగ్గర మనవాళ్ళ చెప్పులు. చెప్పుల వరస చూస్తే ఇంట్లో ఎందరు పనివాళ్ళో తెలిసిపోతుంది.

సంతోషమ్మ పిడికెడు మనిషి. తల నెరిసింది. మెడలో నల్లదారానికి ఒక తాళంచెవి వేలాడుతోంది. ఆ ఇంటి సామాన్ల గది తాళమనుకున్నాను.

"రండి అమ్మగారూ, రండి. మామాకు చెప్పేనండి, మా ఊరి టీచరమ్మగారు వస్తన్నారని. ఆవిడ కూడా కూకుంటానంది" అంది.

మామా అంటే ఇంటి యజమానురాలు. పెద్దావిడ, నల్లటి దుస్తుల్లో వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఖర్జూరాలు పెట్టింది. పిడి లేని చిన్న గిన్నెలో పసుపుపచ్చటి కాఫీ పోసింది. ఏలకుల వాసనే గాని పంచదార లేదు. మర్యాదకని తాగేశాను. మళ్ళీ పోసింది. అదీ తాగేశాను. మన ఇళ్ళలో పెట్టింది వదిలిపెడితే తప్పు కదా. ఏడో గిన్నె దగ్గర నా ముఖం చూసి సంతోషమ్మ చెవిలో గుసగుసలాడింది: "గిన్ని ఊపండి అమ్మగారూ! ఊపకపోతే రేపటిదాకా పోత్తానే ఉంటాది!" ఊపాను. మామా కడుపుబ్బ నవ్వింది. సంతోషమ్మ నవ్వింది. నాకు మాత్రం ఆ రోజంతా గుండె దడ.

భోజనం మచ్బూస్. మన పలావుకు చుట్టమే. అన్నం మీద పెద్ద మాంసం ముక్క, లోపలెక్కడో నల్లగా ఎండిన నిమ్మకాయ. కారం లేదు. సంతోషమ్మ కొంగు చాటున నేను తెచ్చిన గోంగూర సీసా మూత తీసి ఇద్దరికీ ఇంత వడ్డించింది.

మామా లోపలికి వెళ్ళాక చెప్పింది: "వాళ్ళ బాబా, అదే ఇంటి పెద్దాయన, పోయినప్పుడండీ, ఈ ఇంటి కోసం అన్నదమ్ములూ అప్పచెల్లెళ్ళూ రెండేళ్ళు గొడవపడ్డారండి. ఒకళ్ళు ఈ గదిలో, ఒకళ్ళు ఆ గదిలో. అందరికీ టీ నేనే ఇచ్చేదాన్ని. ఎవరి టీలోనూ పంచదార ఎక్కువెయ్యలేదండి."

"మరి ఎవరిది న్యాయం?"

"టీ ఇచ్చేవాళ్ళకి ఎందుకండీ న్యాయం? సల్లారకుండా అందరికీ అందితే సాలు."

ఆమెకు నెలకు రెండు శుక్రవారాలే సెలవు. ఆ వారం ఆమె వంతు కాదు. నేను బయల్దేరుతుంటే మామా ఏదో అంది, సంతోషమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. "రేపు ఇజాజా ఇచ్చిందండి! సెలవండి, సెలవు! ఏడు గిన్నెలు తాగినావిడ ఏం సెప్తాదో ఎల్లి ఇనమందండి!"

దేవుడు ఏడు గిన్నెల కాఫీని కూడా ఊరికే పోనివ్వడు.

శుక్రవారం, పదకొండు నుంచి ఒంటిగంట

శుక్రవారం ఆరాధన నాకు కొత్త. సెలవు రోజు అదే గనక అక్కడ వారమంతా శుక్రవారం చుట్టూ తిరుగుతుంది. తమిళులు వెళ్ళిపోతుంటే మనవాళ్ళు ఎదురు వెళ్తారు. తలుపు దగ్గర రెండు భాషల వందనాలు ఒకదానికొకటి తగులుకుంటాయి. కుర్చీలు వేడిగానే ఉంటాయి.

నేను అనిల్ కోటు తొడుక్కునే వేదిక ఎక్కాను. ముందు వరసలో సునీత, రత్నమ్మ వదిన ఆ కోటును చూసి మూతి బిగించుకోవడం కనిపించింది. అనిల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. సంతోషమ్మ ఆఖరి వరసలో ఉంది. ప్రకాశం గారిని పక్కింటివాళ్ళకు అప్పగించి వచ్చారు.

నోటుబుక్కు తెరిచాను. ఇప్పుడు ఇస్తాంబుల్ అంటున్న పట్నాన్ని అప్పట్లో కాన్‌స్టాంటినోపుల్ అనేవారని, బైజాంటియం చక్రవర్తుల రాజధాని అదేనని, వాళ్ళు క్రీస్తు పేరు చెప్పుకుంటూనే సింహాసనం కోసం అయినవాళ్ళ కళ్ళు పొడిపించారని చెప్పాను. వాళ్ళలో ఒక కుటుంబం కథ ఎత్తుకున్నాను. సుమారు తొమ్మిది వందల ఏళ్ళ కిందటి సంగతి. అలెక్సియస్ చక్రవర్తి మంచాన పడ్డాడు. పెద్ద కూతురు ఆన్నా బాగా చదువుకున్నది. ఆమె భర్త మంచి మాటకారి. మహారాణి ఐరీన్ కొడుకును కాదని అల్లుడికే రాజ్యం ఇమ్మని మంచం పక్కన కూర్చుంది.

ఎవరో దగ్గారు.

"మహారాణి అటు తిరిగిన సమయం చూసి కొడుకు యోహాను తండ్రి మీదికి వంగాడు. కౌగలించుకున్నట్టే వంగి, చక్రవర్తి వేలికున్న ముద్ర ఉంగరం తీసుకుని వెళ్ళిపోయాడు" అని చదివాను.

పసిపిల్ల చేతిలోని గిలక్కాయ ఆగింది. రత్నమ్మ వదిన లేచి నిలబడింది.

"అదే! అదే చేశాడు నా కొడుకు! ఆసుపత్రిలో, తెర పక్కనుంచి నేను చూశాను. వాళ్ళ నాన్న చేతిలోంచి కార్డు లాక్కుని జేబులో పెట్టుకుని పోయాడు! వదినా, నీకెవరు చెప్పారిది?"

నాకెవరూ చెప్పలేదు. వానాకాలంలో, ఆయన ఇంకా బండి నడుపుకుంటున్న రోజుల్లో, రాజోలులో కూర్చుని రాసుకున్న పాఠం అది. ఆ మాటే చెప్పాను. నోటుబుక్కు ఎత్తి, పేజీ మీద వేసిన తేదీ ముందు వరసకు చూపించాను. ఎవరో "స్తోత్రం" అన్నారు. ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. అనిల్ తలుపు దగ్గర మేకులా నిలబడిపోయాడు. "నేను లాక్కోలేదమ్మా" అన్నాడు.

ఆపేద్దామా అనుకున్నాను. కాని కథ సగంలో ఉంది. సగం కథతో ఆ హాలును వదిలేస్తే నేను చేసింది పాపమే అవుతుంది. ప్రభువా పేజీ తిప్పించు అని తిప్పాను.

"చరిత్ర రాసినవాళ్ళలోనే తేడా ఉంది. తండ్రికి ఇష్టమయ్యే తీసుకున్నాడని కొందరు, దొంగతనమని కొందరు. మహారాణి ఏడ్చి అడిగితే చక్రవర్తి చేతులు పైకెత్తి చిన్నగా నవ్వాడట. ఆ నవ్వుకు అర్థం ఈరోజుకీ తెలియదు."

ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క తల వంగుతోంది. ఆన్నా తమ్ముణ్ణి తొలగించడానికి కుట్ర పన్నిందని, ఆఖరి ఘడియలో భర్తే వెనక్కి తగ్గాడని చదివేసరికి విక్టర్ కీబోర్డు మీదికి ఎంత వంగాడంటే ఒక మెట్టు దానంతటదే మోగింది. అతను కూడా, తన పేరు మీద భార్య సేకరించిన సంతకాలు ఆఫీసుకు తీసుకెళ్ళి, ఇవ్వకుండా వెనక్కి వచ్చాడని తర్వాత తెలిసింది.

"యోహాను అక్కను చంపలేదు. కళ్ళు పొడిపించలేదు. ఆస్తి మాత్రం లాక్కున్నాడు. అదంతా తన స్నేహితుడు ఆక్సుక్‌కు ఇవ్వబోయాడు. ఆక్సుక్ ఎవరో తెలుసా? యుద్ధంలో చెరపట్టిన వేరే జాతి పిల్లవాడు. రాజుగారింట పనికి ఇచ్చేస్తే, ఆ ఇంట్లోనే పెరిగాడు. సిరియా సేనాధిపతి ఇంట్లో పనిచేసిన చిన్నపిల్లను లేఖనంలో చూస్తాం కదా, అలాంటివాడే. అతను ఆ ఆస్తి ముట్టుకోలేదు. ఎంత తప్పు చేసినా ఆమె నీ అక్క, ఆమెది ఆమెకు ఇచ్చెయ్యమని అడిగాడు."

హాలంతా వెనక్కి తిరిగింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆఖరి వరసలో సంతోషమ్మ లేచి నిలబడి ఉంది.

"అమ్మగారూ, ఆ పనోడి పేరు మళ్ళీ సెప్పండి."

"ఆక్సుక్."

"ఆ పేరు నాకు నోరు తిరగదండి. పని మాత్రం నా సేత అవుద్ది."

మెడలోంచి తాళంచెవి తీస్తూ నడిచి వచ్చింది. అది మిష్రిఫ్ ఇంటి తాళం కాదు. స్త్రీల కూడిక బీరువాది. పాటల పుస్తకాలు, ప్రభువు బల్ల సంస్కారపు గుడ్డలు, తబలా అన్నీ అందులోనే ఉంటాయి. పదేళ్ళుగా ఆ కూడిక సునీతది. ఆ సంతకాల కుట్ర సంగతి తెలిశాక అనిల్ కోపంతో తాళం లాక్కుని, ఎవరి జట్టులోనూ లేని మనిషని సంతోషమ్మకు ఇచ్చాడు.

"అనిల్ బాబూ, ఇది నాకొద్దు. పద్దెనిమిదేళ్ళ నించి మంది ఇంట్లో ఉంటన్నాను. సెమ్చా కూడా నాదనుకోలేదు. ఇది మీ అక్కది. అక్క సేతిలో పెట్టు. పెడితే నువ్వు పెద్దోడివి. పెట్టకపోతే ఆ కార్డు నీ జేబులో ఉన్నా ఒకటే, మా మామా ఒంటె మెళ్ళో ఉన్నా ఒకటే."

నవ్వాలో ఏడవాలో తెలియక జనం రెండూ చేశారు. అనిల్ తాళం అందుకున్నాడు. యోహాను కూడా, పరాయివాడికున్న దయ తన అక్క మీద తనకు లేకపోతే తాను ఏలడానికి తగనని ఒప్పుకుని అన్నీ తిరిగి ఇచ్చేశాడు. ఆ వాక్యం నా నోటుబుక్కులో ఇంకా చదవకుండానే ఉంది. చదవనక్కర్లేకపోయింది.

"సంతోషమ్మగారికున్నంత ప్రేమ నాకు లేకుండా పోయింది అక్కా," అన్నాడు అనిల్. "నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా ఇది నీదే."

సునీత చెయ్యి చాపలేదు. అతను తాళంచెవిని ఆమె పాటల పుస్తకం మీద పెట్టాడు. అప్పుడే తలుపు మీద దబదబ చప్పుడు. కాపలా మనిషి తల లోపల పెట్టి, "ఖలాస్! టైమ్ ఖలాస్!" అన్నాడు. వెనక ఫిలిప్పీన్స్ అక్కచెల్లెళ్ళు గిటార్లతో నవ్వుతూ నిలబడ్డారు. ముగింపు ప్రార్థన నడవాలో, చెప్పులు తొడుక్కుంటూ చేశాం. సునీత ఆమేన్ అనగానే వెళ్ళిపోయింది. తాళంచెవి పుస్తకం మీద లేదు. తీసుకుందో, కింద పడిపోయిందో ఎవరూ చూడలేదు.

కబ్ద్‌లో రాగి సంగటి

శనివారం కబ్ద్ ఎడారిలో ఒక తోటకు సంఘమంతా విహారానికి వెళ్ళాలని నెల ముందే అనుకున్నారట. బస్సు కట్టారు గనక వెళ్ళాం. మొహాలు చూస్తే విహారానికి వెళ్తున్నట్టు లేవు. ఆదివారం ఒక్కటే మిగిలింది.

ఎడారి అంటే ఇసుక తిన్నెలనుకున్నాను. కబ్ద్ నేల గట్టిది, మన పొలం దుక్కి దున్నక ముందున్నట్టుంది. నడుమ నడుమ కంచెలు, ఈత చెట్లు, గొర్రెల దొడ్లు. ఆ తోట చూసుకునే రెడ్డెయ్య రాయచోటి మనిషి. నుదుట విభూతి, నెత్తిన అరబ్బుల ఎర్ర రుమాలు. మేం వస్తున్నామని పొద్దున్నే రాగి సంగటి కెలికి, నాటుకోడి కూర చేశాడు.

"తినమ్మా, తిను. మీ కోనసీమోళ్ళకి తీపి కూరలే గదా. ఇది తింటే కండ్లల్లో నీళ్ళు రావాల, అప్పుడే తిన్నెట్టు లెక్క" అన్నాడు.

వచ్చాయి. ముక్కులోంచి కూడా వచ్చాయి.

"మీరు గుడికి పోతారు, నేను దేవుని పటానికి దండం పెడతా. ఆకిలి మాత్తరం అందరికీ ఒకటేలే" అని రెండో ముద్ద వేశాడు.

అప్పుడు కంచె అవతల దుమ్ము లేచింది. సునీత కారు. ముందు విక్టర్ దిగి చక్రాల కుర్చీ విప్పాడు. ప్రకాశం గారిని కూర్చోబెట్టారు. వెనక రత్నమ్మ వదిన, ముఖం పక్కకు తిప్పుకునే ఉంది. సునీత మెడలో నల్లదారం, దానికి తాళంచెవి. నేరుగా అనిల్ దగ్గరికి నడిచింది.

"ఒరేయ్ తమ్ముడూ, కాగితం తెచ్చావా?"

తెచ్చాడు.

"పెన్నుందా?"

లేదు. ఇంతమందిలో ఎవరి దగ్గరా లేదు. నా సంచీలో ఎర్ర ఇంకు పెన్ను ఉంది. ముప్పై మూడేళ్ళ అలవాటు, అది లేకుండా నేను గడప దాటను. కారు ముందు భాగం మీద కాగితం పరిచి సునీత ఎర్రగా సంతకం చేసింది. విక్టర్ చేశాడు. సునీత పెన్ను మూత పెట్టి, "నువ్వు దొంగతనం చేశావో లేదో నాకు తెలీదురా. తెలియకపోయినా పరవాలేదని వచ్చాను" అంది.

అనిల్ జేబులోంచి నీలం కార్డు తీసి తండ్రి ఒళ్ళో పెట్టి, ఆ గట్టి నేల మీద మోకాళ్ళూని కూర్చున్నాడు. "మీ ఇష్టం నాన్నా."

ప్రకాశం గారు ఎప్పటిలాగే నవ్వారు. తర్వాత ఎడమ చెయ్యి కదిలింది. కార్డు పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. మేమెవరం సాయం చెయ్యలేదు. కార్డును అనిల్ చొక్కా జేబు దాకా తెచ్చి, వేళ్ళతో లోపలికి తోశారు. తోసి, జేబు మీద రెండుసార్లు తట్టారు. ఆ చేతిని అనిల్ రెండు చేతులతో పట్టుకుని తన గుండెకు అదుముకున్నాడు.

రత్నమ్మ వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇదే... ఆరోజు కూడా ఇంతే వంగాడు. వీడి చేతుల్లో ఆయన చెయ్యి చూశాను. తెర పక్కనుంచి లాక్కుంటున్నట్టే కనిపించింది" అంది. "ఆయన ఇచ్చారు. ఆయనే ఇచ్చారు. రెండు నెలలు నా బిడ్డకు తలుపు తియ్యలేదు నేను." నేల మీద కూలబడి కొడుకు మెడ కౌగలించుకుంది. "క్షమించరా నాన్నా" అంటూంటే అనిల్ "అమ్మా, లే, అమ్మా, లే" అంటున్నాడు. సునీత ఇద్దరినీ కలిపి పట్టుకుంది.

ఒక్క సంగతి గమనించమని చదువరులను వేడుకుంటున్నాను. సంతకం ముందు జరిగింది. రుజువు తర్వాత వచ్చింది. తమ్ముడు నిర్దోషి అని తెలియక ముందే సునీత క్షమించింది. కాన్‌స్టాంటినోపుల్‌లో ఆన్నా తన ఆస్తి తిరిగి పుచ్చుకుంది గాని, తమ్ముడి మీద కోపం మఠంలో ముసలిదయ్యేదాకా మోసుకుంది. చక్రవర్తుల ఇంట్లో ఆగిపోయినచోట మా కోనసీమ నర్సు ఒక అడుగు ముందుకేసింది. దేవునికే మహిమ!

రెడ్డెయ్య గరిటె పట్టుకుని చూస్తున్నాడు. "ఏందమ్మా, అందురూ ఏడుస్తా నవ్వుతాండారు? సంగటి ఆరిపోతాది, తినండి సామీ" అన్నాడు. అనిల్ తండ్రికి చిన్న ముద్ద కలిపి నోట్లో పెట్టాడు. ఆయన తింటున్నారో లేదో అని అతను ఇక నన్ను అడగనక్కర్లేదు.

ఆదివారం ముద్ర

ఆదివారం ఆఫీసు గుమాస్తా రెండు ఎర్ర సంతకాలు చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "వీళ్ళు ఎర్ర ఇంకుతో ఎందుకు చేశారు?" అని అడిగాడు. "మా టీచరుగారు దిద్దారండి" అని అనిల్ ఇంగ్లీషులో చెప్పాడట. అతను నవ్వి ముద్ర కొట్టాడు. పదకొండు నుంచి ఒంటిగంట, తెలుగు. బాధ్యుడు అనిల్. వాక్యానికి విక్టర్, స్త్రీల కూడికకు సునీత. ముందు రోజు కబ్ద్ నుంచి తిరిగొచ్చే బస్సులో పాడినంత గట్టిగా మా రాజోలు మందిరంలో క్రిస్మస్‌కు కూడా పాడటం నేను వినలేదు. డ్రైవరు పాకిస్తానీ, స్టీరింగు మీద దరువు వేశాడు.

సంతోషమ్మకు ఫోన్ చేసి చెప్పాను. వెనక గిన్నెల చప్పుడు. "ఆయ్, సంతోసం అమ్మగారూ. ఉండండి, మామాకు టీ ఇచ్చి వస్తాను, సల్లారిపోద్ది" అంది. ఆ సంఘాన్ని నిలబెట్టిన మనిషి అంతకంటే ఏమీ మాట్లాడలేదు.

కోటు తిరిగి ఇవ్వబోతే అనిల్ తీసుకోలేదు. విసనకర్ర సునీత ఉంచుకుంది, ఎండాకాలం వస్తుందిగా అని.

ఈ కథ చదివిన మీరు ఒక్క పని చెయ్యండి. అక్కడ శుక్రవారం పదకొండు గంటలంటే మన గడియారంలో మధ్యాహ్నం ఒకటిన్నర. ఆ సమయానికి మీరు భోజనం ముందున్నా, పొలంలో ఉన్నా, బడిలో ఉన్నా, ఒక్క నిమిషం ఆగండి. తమిళులు లేచిన వేడి కుర్చీల్లో మనవాళ్ళు కూర్చుంటున్నారని తలచుకోండి. ఆ నిమిషం నాతో కలిసి ఇలా అనండి: రాజాధిరాజా, మాట పోయిన ప్రకాశం గారికి నీ మాట తోడుగా ఉంచు. ఆ అక్కాతమ్ముళ్ళ చేతులు విడిపోనివ్వకు. ఈ శుక్రవారం సంతోషమ్మకు సెలవు ఇప్పించు. మా ఇళ్ళలో ఎవరి తాళంచెవి అయినా మా మెడలో వేలాడుతూ ఉంటే, తీసి ఇచ్చే మనసు మాకు ఇయ్యి. ఆమేన్.